పులివెందులలో పూయని గులాబీలు

నేను తోటల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చీనీ అనే మా బత్తాయి, అరటి, మామిడి, సపోటా మొక్కలు నా చేతుల మీదుగా ఎన్ని తోటలకు వెళ్ళాయో నాకే తెలియదు. వాటిలో చాలా భాగం బతికాయి, కాశాయి. వాటి గురించి నన్నెవరూ అడగరు. శాఖలో కొత్తగా చేరిన పిల్లలు పెళ్ళిలో కనబడినా, ప్రొద్దుటూరు బస్టాండులో కనబడినా, నవ్వు ఆపుకుంటూ ఒకటే అడుగుతారు: "మేడం, ఆ గులాబీల కథ నిజమేనా?"

నిజమే. కాకపోతే నోళ్ళు మారేసరికి రూపం మారిపోయింది. ఒకరు చెప్పే కథలో నేను పెద్ద సారును ఎదిరించిన ధీరురాలిని. ఇంకొకరి కథలో నోరు అదుపులో లేనిదాన్ని. నేను అదీ కాదు, ఇదీ కాదు. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసిపెడితే మీలాంటి కొత్తవాళ్ళకు పనికొస్తుందేమోనని ఇప్పుడు కూర్చున్నాను.

మాది జమ్మలమడుగు. మా ముత్తాతల కాలం నుంచి చర్చి కాంపౌండు మనుషులం. నాన్న మిషన్ బడిలో అయ్యవారు. రాష్ట్రం విడిపోయిన కొన్నేళ్ళకు నాకు పులివెందులకు బదిలీ అయింది. అక్కడ ఒక గది అద్దెకు తీసుకున్నాను. శనివారం సాయంత్రం ముద్దనూరు మీదుగా బస్సులో ఇంటికి పోయి, ఆదివారం ఆరాధన చూసుకుని, సోమవారం పొద్దున్నే తిరిగి రావడం. ఉద్యోగం చివరి పదేళ్ళలో పడ్డాను కాబట్టి ఇక సాహసాలేమీ ఉండవనుకున్నాను.

ఊళ్ళలో పచ్చదనం పెంచాలని పైనుంచి ఒక పథకం వచ్చింది. పులివెందుల పొలిమేరలో ఒక బోడి గుట్ట వాలు మాకు అప్పగించారు. రాళ్ళు, సుద్ద నేల, మేకలు తప్ప అక్కడేమీ లేవు. దాన్ని పార్కు చేయాలి. పార్కంటే పచ్చిక, సిమెంటు బాటలు, కత్తిరించిన క్రోటన్లు, మధ్యలో ఫౌంటెన్ అనే మాకందరికీ తెలుసు. కానీ ప్లాను గీయడానికి హైదరాబాదు నుంచి వచ్చిన డిజైనర్ అమ్మాయికి అవేవీ గిట్టవు. ఈ తోట మనిషి వేసినట్టు కనిపించకూడదు, దానంతటదే మొలిచినట్టు ఉండాలి అంది. వరసలు ఉండవు, కత్తిరింపులు ఉండవు, మందులు ఉండవు. పొదలు పొదల్లాగే పెరగాలి, రాలిన ఆకు రాలిన చోటే కుళ్ళాలి. ఆ తోట నడుమ అడవి గులాబీలు ఉంటాయి అంది.

మనం పెట్టుకునే గులాబీ మనిషి తయారుచేసుకున్న పువ్వు. దాని పూర్వీకురాలు అడవి గులాబీ. ఐదే రేకులు, తెల్లగా ఉంటుంది, నడుమ పసుపు పుప్పొడి. ఉత్తరాన కొండల్లో, వాగుల పక్కన మనిషెత్తు పొదలుగా అల్లుకుని ఏడాదికి ఒక్క మారు విరగబూస్తుంది. ఆ అమ్మాయి చదువుకునే రోజుల్లో ఆ కొండల్లో తిరిగి వచ్చింది. తన ఫోనులో బొమ్మలు చూపించింది. కొండ చరియ మొత్తం మంచు పడినట్టు తెల్లగా పూసి ఉంది. ఆ బొమ్మలు చూసి నా బుద్ధి కూడా ఆమె వెంటే పోయింది. జీవితమంతా రైతుకు ఎన్ని బుట్టలు దిగుబడి అని లెక్క చూసుకున్న దాన్ని. దిగుబడి అడగని తోట ఒకటి నా చేతి కింద పెరుగుతుందంటే ఎందుకో చాలా సంతోషమైంది.

మా ఇన్‌చార్జి సారు కోస్తా మనిషి. రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. మంచివాడే. పై నుంచి ఫోను వస్తే మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు. "మన ఎండకు తట్టుకుంటాయంటావా అమ్మా ఇవి?" అని నన్ను అడిగాడు. "మూడో ఏటికి పూస్తాయి సార్" అన్నాను. నేనంటే నమ్మకం ఆయనకు. ఆ మాటనే పైకి రాశాడు.

నాటే రోజు నాకు బాగా గుర్తుంది. పనికి వచ్చిన ఆడవాళ్ళకు పెద్ద మేస్త్రమ్మ. నాకంటే వయసులో పెద్దది. వల్లూరు దిక్కున పుట్టి పులివెందులకు కోడలై వచ్చింది. చీనీ తోటలు నాటడంలో చేయి తిరిగినది. అలవాటు కొద్దీ వరసలు గీయడానికి తాడు, సున్నం తెచ్చుకుంది. డిజైనర్ అమ్మాయి తాడు పక్కన పెట్టించి, గుప్పెడు గులకరాళ్ళు తీసుకుని గాలిలోకి విసిరింది. రాయి ఎక్కడ పడితే అక్కడ గుంత తవ్వమంది.

మేస్త్రమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఏందమ్మో ఇది! చీనీ చెట్టు జానెడు పక్కకు పోతే రైతు మమ్మల్ని తిడతాడు. నువ్వు రాళ్ళిసిరి గుంతలు తీయమంటాండావు."

"అడవిలో చెట్లకు ఎవరు తాడు పట్టారు చెప్పండి?" అంది అమ్మాయి నవ్వుతూ.

"అడివికి కూలోళ్ళను గూడా పెట్టరు గదమ్మా."

ఆ అమ్మాయితో సహా అందరం నవ్వాం. అయినా రాళ్ళు పడ్డ చోటే గుంతలు తీశారు. ఒక రాయి ఎగిరి సారు జీపు పక్కన పడింది. "ఈడ గూడా తవ్వాల్నా?" అని మేస్త్రమ్మ పార తీసుకుని జీపు దాకా నడిచింది.

మొదటి ఎండాకాలానికే సగం మొక్కలు పోయాయి. మిగిలినవాటికి తడిపిన గోనె సంచులు కప్పి, అరటి ఆకులు పరిచి, ట్యాంకరు నీళ్ళు బిందెలతో మోసి బతికించారు ఆ ఆడవాళ్ళు. వానలు పడ్డాక అవి లేచాయి. ఎట్లా లేచాయనుకున్నారు! సన్నటి కొమ్మలు బాణాల్లాగా పైకి పోయి, విల్లులాగా వంగి నేలను తాకి, మళ్ళీ లేచాయి. వంకర ముళ్ళు. మేకలు మూతి పెట్టి చూసి వెనక్కి పోయాయి. రెండో ఏడు గడిచేసరికి పొదలు నా భుజం దాకా వచ్చాయి. ఆకు పచ్చగా నిగనిగలాడుతూ ఉంది.

పువ్వు మాత్రం లేదు.

మధ్యాహ్నం నేను ఆ ఆడవాళ్ళతోనే కలిసి తినేదాన్ని. గుట్ట దిగువన రోడ్డు పక్క వేపచెట్టు కింద గుండ్రంగా కూర్చునేవాళ్ళం. నా డబ్బాలో అన్నం, పప్పు. వాళ్ళు సంగటి, ఊరుబిండి అనే చెనిక్కాయల పచ్చడి తెచ్చుకునేవాళ్ళు. నేను అడగకముందే ఎవరో ఒకరు ఇంత ఊరుబిండి నా డబ్బా మూత మీద పెట్టేవారు. అక్కడే నాకు తెలిసింది, ఊళ్ళో నాకు ఒక పేరు పెట్టారని.

"కంపల మేడం అంటాండారు నిన్ను," అంది మేస్త్రమ్మ. "కంపలకు నీళ్ళు పోపిస్తాండాదంట గవర్మెంటు. ఆటో వాళ్ళు నగుతాండారు."

"పూసినాక అదే ఆటో వాళ్ళు జనాన్ని ఎక్కించుకోనొస్తారు, సూడక్కా."

"పూస్తాయా?"

"పూస్తాయి."

మూడో చలికాలం వచ్చింది. నేను రోజూ పొద్దున్నే పోయి కొమ్మ చివర్లు వెతికేదాన్ని. మా పులివెందుల చలి ఎంతని? పొద్దున పూట ఒక స్వెట్టరు, తొమ్మిదింటికి దాన్ని విప్పి భుజాన వేసుకోవడం. కొండ గులాబీకి అది చలి కిందే లెక్క కాదు. గడ్డకట్టే చలి కొన్ని వారాలు తగిలితే తప్ప దానికి మొగ్గ తొడగాలని తోచదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ మొక్కలు చూస్తే అంత ఆరోగ్యంగా ఉన్నాయి, కాస్త చలికైనా ఒక కొమ్మ మోసపోకపోతుందా అని ఆశ.

మేస్త్రమ్మ తన పద్ధతి తను చేసింది. ఒక మంగళవారం పొద్దున నేను పోయేసరికి పాత చీపురు తీసుకుని పొదను కొడుతూ ఉంది. "మూడేండ్లు మా చేతి నీళ్ళు తాగితివి! సిగ్గులేదా నీకు? ఈసారి పూయకుంటే వేర్లతో పెరికి పొయ్యిలో పెడతా!" వాళ్ళమ్మ కాయని మునగచెట్టును ఇట్లాగే కొట్టేదట, మరుసటి ఏడు కొమ్మలు విరిగేలా కాసేదట. చీపురు ముళ్ళలో ఇరుక్కుపోయింది. ఇద్దరం కలిసి లాగినా రాలేదు. అక్కడే వదిలేశాం.

డిజైనర్ అమ్మాయికి ఫోను చేశాను. పొదల ఫోటోలు పంపాను. వాటిని ఒక్కొక్కటే తెరిచి చూసింది. తర్వాత, "చలి చాలదు మేడం. నేను ఎంచిందే తప్పు రకం. బెంగాల్ వైపు పల్లపు నేలల్లో పెరిగే అడవి గులాబీ ఒకటి ఉంది, దానికి చలితో పని లేదు. అది తెప్పించాల్సింది. నేను ఆ కొండలు చూసిన మోజులో ఉన్నాను. మీ ఆఫీసుకు ఉత్తరం రాస్తాను" అంది. అంత సూటిగా తప్పు ఒప్పుకునే మనిషిని నా సర్వీసులో నేను చూడలేదు. ఆమె ఉత్తరం రాసి ఉంటే కథ అక్కడితో ఐపోయేది. నేనే, "ఇంకొక్క చలికాలం చూద్దామమ్మా" అన్నాను.

చూసే లోపల కబురు వచ్చింది. రాజధాని నుంచి పెద్ద సారు వస్తున్నాడు. జిల్లాలో పథకం కింద వేసిన తోటలన్నీ చూసి, దేన్ని ఉంచాలో దేన్ని తీసెయ్యాలో తేల్చుతాడు. మా గుట్టవాలు మీద ఇంకొకరి కన్ను కూడా ఉంది. అక్కడ ఫంక్షన్ హాలు కడితే ఊరికి ఉపయోగమని కొందరు పెద్దమనుషులు అర్జీ పెట్టుకున్నారు. తోట పోతే తోటలో కూలి పోతుంది. ఎండాకాలం ముందర ఇంకో చోట పని దొరకడం కష్టం.

ఇన్‌చార్జి సారు నన్ను పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"పెద్దాయన కాగితంలో ఏముందో తెలుసా అమ్మా? మూడో ఏట పూచును అని ఉంది. నేనే రాశాను. నువ్వు చెబితేనే రాశాను."

"పూయలేదని చెబుదాం సార్. కారణం కూడా చెబుదాం."

"కారణాలు వినడానికి ఎవరొస్తారమ్మా? ఆయన కారు దిగి, చూసి, ఎక్కి వెళ్ళిపోతాడు. మనకు పది నిమిషాలు పువ్వులు కావాలి, అంతే." ఆయన గొంతు తగ్గించాడు. "ప్రొద్దుటూరు మార్కెట్టుకు మనిషిని పంపుతున్నాను. చిన్న తెల్ల రోజాలు తెప్పించి కొమ్మలకు కట్టిద్దాం. పెళ్ళి మండపానికి కట్టరా? ఇదీ అంతే."

"అడవి గులాబీకి ఐదు రేకులే సార్. మార్కెట్టు రోజాకు..."

"రేకులు లెక్కపెడతాడా ఆయన?"

నేను వద్దనే చెప్పాను. గట్టిగానే చెప్పాను. నన్ను ఆ పనిలో కలపొద్దన్నాను. సరే నువ్వు కలగజేసుకోకు అన్నాడు. నేను చేరకపోతే ఆ పని ఆగుతుందనుకున్నాను. ఆయన నేరుగా మేస్త్రమ్మకు కబురు పెట్టాడు.

పెద్ద సారు వచ్చే రోజు పొద్దున ఏడింటికి నేను పోయేసరికి తోట పూసి ఉంది. చెప్పడానికి సిగ్గుపడాలో లేదో గానీ, ఒక్క క్షణం నేను నమ్మాను. దూరం నుంచి ఆ పచ్చటి పొదల మీద తెల్లటి చుక్కలు, మీద పడుతున్న ఎండ. మూడేళ్ళు నేను కళ్ళు మూసుకుని చూసిన బొమ్మ అదే. దగ్గరికి పోతే అరటి నార కనబడింది. పులివెందుల ఆడవాళ్ళకు అరటి నారతో కట్టడం ఒకరు నేర్పాలా? పచ్చి నారతో ముడి కనబడకుండా, ఆకు చాటున, కాడలో నుంచి కాడ మొలిచినట్టు కట్టారు. చేతుల నిండా ముళ్ళ గీతలు. అందరూ ఉతికిన చీరలు కట్టుకుని ఉన్నారు.

"ఎట్లుండాది మేడం?" అంది మేస్త్రమ్మ. గర్వంగానే అడిగింది.

ఏమనాలి? వద్దని విప్పించడానికి నాకు నోరు రాలేదు. అవి ఉంటే వాళ్ళ కూలి ఉంటుంది. నా నిజానికి వాళ్ళు ఎందుకు పస్తుండాలి? బాగుందని అనడానికీ నోరు రాలేదు. ఒక పక్కన పోయి నిలబడ్డాను.

ఎనిమిదింటికి రావలసిన పెద్ద సారు రాలేదు. పొద్దున్నే బ్రహ్మంగారిమఠం దర్శనానికి పోయాడట. తొమ్మిదైంది. పది దాటింది. శివరాత్రి వెళ్ళిన రోజులు, ఎండ మండుతోంది. రోజాలు ముందు మెత్తబడ్డాయి, తర్వాత తలలు వేలాడేశాయి. ఆడవాళ్ళు చెంబులతో నీళ్ళు చల్లారు. చల్లిన నీళ్ళకు ఇంకా తొందరగా కమిలాయి. మధ్యాహ్నం పన్నెండుకు జీపులు వచ్చేసరికి ఆ పొదల మీద ఉన్నవి పువ్వులు అనడానికి లేదు. నానబెట్టిన కాగితం ఉండలు అన్నట్టున్నాయి. కింద ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. అంత పచ్చటి పొదకు అంత వాడిన పువ్వు ఎట్లా పూస్తుందో చిన్నపిల్లలకైనా అనుమానం వస్తుంది.

పెద్ద సారు వయసైన మనిషి. మెత్తగా మాట్లాడతాడు. అరిచేవాళ్ళకన్నా అట్లాంటి వాళ్ళంటేనే నాకు భయం. మా సారు ముందు నడుస్తూ ఆగకుండా చెబుతున్నాడు: ఎన్ని మొక్కలు, ఎంత విస్తీర్ణం, ఇవాళ కాస్త ఎండ ఎక్కువండి, పొద్దున చూసి ఉంటే ఇంకా బాగుండేవండి. పెద్దాయన తలాడిస్తూ నడిచి ఒక పొద దగ్గర ఆగాడు. వంగి ఒక పువ్వును వేలితో పైకెత్తాడు. వదిలితే అది మళ్ళీ వేలాడింది. నారను చూశాడో లేదో ఆయన ముఖంలో తెలియలేదు. వెనక్కి తిరిగి, సారును కాక, నన్ను అడిగాడు.

"ఎప్పటి నుంచి పూస్తున్నాయమ్మా ఇవి?"

మేస్త్రమ్మ నాకు ఎదురుగా, ఆయన వెనక నిలబడి ఉంది. కళ్ళతోనే వద్దంది. నేను చూశాను. చూడలేదని ఇప్పుడు రాసుకోవచ్చు గానీ, చూశాను.

"పొద్దున ఏడింటి నుంచి సార్," అన్నాను.

ఆ మాట ముందుగా అనుకున్నది కాదు. నేను ఏడింటికి చూశాను కాబట్టి ఏడు అన్నాను. ఎవరో డ్రైవరు కాబోలు కిసుక్కుమన్నాడు. మా సారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. పెద్దాయన నవ్వలేదు.

"అంతకు ముందు?"

"అంతకు ముందు ఎప్పుడూ పూయలేదు సార్. ఇక్కడ పూయవు. వీటికి కావలసిన చలి మన దగ్గర లేదు."

పూయవు అనే మాట మూడేళ్ళలో మొదటిసారి నా నోటినుంచి వచ్చింది.

"మరి ఇన్నాళ్ళు ఎందుకు పెంచారు?"

వంగి చూడండి సార్ అని పొద అంచున కొమ్మను కొంగుతో పట్టి పైకెత్తాను. ఆయన పంచె మనిషి కాదు, ప్యాంటుతో గొంతుక్కూర్చోవడం కష్టమైంది, అయినా కూర్చున్నాడు. బయట గుట్టంతా మేకలు నాకి వదిలిన నేల. ఆ ముళ్ళ గొడుగు కింద రాలిన ఆకు కుళ్ళి నల్లగా మెత్తగా ఉంది. పిట్టలు వేసిన గింజలకు వేప, రేగు, బలుసు మొలిచి మోకాలెత్తు అయ్యాయి. మేము నాటినవి కావు. ఎవరూ నీళ్ళు పోయలేదు. పైన కొమ్మల నడుమ పిగిలిపిట్ట గూడు, అందులో నోళ్ళు తెరిచిన పిల్లలు. తల్లి పిట్ట పక్క పొద మీద నిలబడి మమ్మల్ని తిడుతూ ఉంది.

ఆయన ఆ నల్లమన్ను ఇంత తీసి వేళ్ళతో నలిపి చూశాడు. లేవబోతే చొక్కా ముళ్ళకు పట్టుకుంది. మా సారు ఒక్కొక్క ముల్లే విడదీశాడు. పెద్దాయన లేచి దుమ్ము దులుపుకుని, "చూద్దాం" అని జీపు ఎక్కాడు. అంతే. మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఈ కథను సినిమాలాగా చెప్పేవాళ్ళు ఇక్కడ ఆయన చేత నాకు శాలువా కప్పిస్తారు. అదేమీ లేదు.

జీపులు పోయాక మేస్త్రమ్మ నా ముందుకు వచ్చింది.

"మా కూటి మీద కొడ్తివి గదా మేడం."

"అక్కా, ఆయన సూసినాడు. వాడిపోయినాయి గదా, ఎవురికైనా తెలిసిపోతాది."

"తెలిస్తే తెలియనీ. ఆయన నోటితో ఆయన అననీ. నువ్వేల చెప్పల్ల? నీకు నెలయితే జీతమొస్తాది. మాకు యాడ్నించొస్తాది?"

పొదల దగ్గరికి పోయి వాడిన రోజాల నార ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను.

మరుసటి రోజు మధ్యాహ్నం వేపచెట్టు కింద నేను కూర్చుంటే ఎవరూ లేచి పోలేదు, అట్లాగని జరిగి చోటూ ఇవ్వలేదు. నా డబ్బా మూత ఖాళీగా ఉంది. పని చెబితే చేశారు. మాటకు మాట చెప్పారు. అంతకు మించి ఏమీ లేదు. ఇన్‌చార్జి సారు కూడా అంతే, ఫైళ్ళు అటెండరుతో పంపేవాడు. నేను ఆదివారం చర్చిలో కూర్చుని నిజం చెప్పడం గురించి పాస్టరుగారి వాక్యం విన్నాను. చెప్పిన నిజానికి పక్కవాడు పస్తుంటే ఏం చేయాలో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ వారాల్లో ఒక పిల్ల పని మానేసింది. వాళ్ళందరిలోకి చురుకైనది. అంటు కట్టడం నా దగ్గర నేర్చుకుంది, చేయి వణకకుండా కడుతుంది. తోట ఉంటుందో పోతుందో ఎందుకొచ్చిన పాట్లని అరటి గెలలు ప్యాకింగు చేసే షెడ్డుకు పోయింది. తిరిగి రాలేదు. నేను వాళ్ళ ఇంటికి పోయి అడిగాను కూడా. "ఆడ నమ్మకంగా ఉండాది మేడం," అంది. నన్ను బాధపెట్టాలని అన్నది కాదు. ఉన్నమాట.

ఉత్తర్వు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. తోటను ఉంచమన్నారు. గులాబీ వనం అనే బోర్డు తీసేయమన్నారు. ఆ పొదల కొమ్మలే నాటి గుట్ట చుట్టూ ముళ్ళకంచె లాగా పెంచాలి, లోపల స్థానికంగా వచ్చే చెట్లను రానివ్వాలి, పనివాళ్ళను కొనసాగించాలి. ఇన్‌చార్జి సారు నన్ను పిలిచి కాగితం చేతికిచ్చాడు. "నువ్వే చదివి వినిపించమ్మా వాళ్ళకి" అన్నాడు. వేపచెట్టు కింద నిలబడి చదివాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేస్త్రమ్మ విని, "అయితే రేపట్నించి కొమ్మలు కొట్టాల్నా?" అని మాత్రం అడిగింది.

ఆ ఏడే నాకు రాజుపాలెం వైపు బదిలీ అయింది. శిక్ష అని కొందరన్నారు. బదిలీల కాలం, చాలామందికి అయ్యింది. నాకు తెలియదు. వీడ్కోలు రోజున మా సారు నా మెడలో పూలదండ వేశాడు. రోజాల దండే. వేసి, చెవి దగ్గర మెల్లగా, "ఇవీ నారతో కట్టినవేనమ్మా, ఎవరైనా అడిగితే చెప్పెయ్" అన్నాడు. ఆ రోజు తర్వాత ఆయన నాతో నవ్వుతూ మాట్లాడటం అదే మొదటిసారి. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. చుట్టూ ఉన్నవాళ్ళకు ఎందుకో అర్థం కాలేదు.

బస్టాండుకు మేస్త్రమ్మ వచ్చింది. నేను రమ్మనలేదు. నా ట్రంకు పెట్టె బస్సు మీదికి ఎక్కించి, దిగి, కిటికీ దగ్గర నిలబడింది.

"మేడం, ఒక మాట."

"చెప్పక్కా."

"పెద్ద సారు కాడ ఏడింటి నుంచి అంటివే ఆ పొద్దు."

"అవును."

"ఐదుకే మొదులు పెట్టినాం మేము. చీకట్లో టార్చిలైటు పట్టుకోని కడతాంటిమి. రొండు గంటల పని తగ్గించి చెప్పినావు."

నేను ఆమె ముఖం చూశాను. తిడుతోందో నవ్వుతోందో తెలియలేదు. "తప్పేనక్కా" అన్నాను. "తప్పే మల్ల" అంది. బస్సు కదిలేదాకా కిటికీ కమ్మీ పట్టుకునే నిలబడింది.

ఉద్యోగంలో కొత్తగా చేరిన మీకు నేను చెప్పదలుచుకున్నది పెద్దదేమీ కాదు. నిజం చెప్పండి అని గోడల మీద రాసి ఉంటుంది, నేను వేరే రాయక్కర్లేదు. నేను ఆ రోజు చెప్పింది సరైనదే అని ఇప్పటికీ అనుకుంటాను. కానీ దాన్ని మూడో చలికాలంలోనే, డిజైనర్ అమ్మాయి ఫోనులో ఒప్పుకున్న రోజే, ఆఫీసు గదిలో కూర్చుని చెప్పి ఉంటే ఎవరి కూలికీ గండం వచ్చేది కాదు, ఎవరి చేతులకూ ముళ్ళు దిగేవి కాదు. ఆలస్యంగా చెప్పిన నిజానికి పక్కన నిలబడ్డవాళ్ళు కూడా ఖర్చు పెట్టుకోవలసి వస్తుంది. మొక్క చచ్చిపోతే చెప్పడం సులువు. బతికి, పచ్చగా, ఆశపెడుతూ ఉన్నదాన్ని చూసి ఇది మనం అనుకున్న పని చేయదు అని చెప్పడమే కష్టం. ఫైళ్ళలో కూడా అంతే.

పోయిన చలికాలంలో ఒక పెళ్ళికి పులివెందుల పోయి, తీరిక చేసుకుని గుట్ట దాకా నడిచాను. కంచె నా తలకన్నా ఎత్తుగా ఉంది. లోపల వేపలు నీడ ఇస్తున్నాయి. బలుసు పండ్ల కోసం వచ్చిన పిట్టలు, కౌజుల అరుపులు, ఒక పక్కన చదువుకునే పిల్లలు. మేస్త్రమ్మ ఇంకా పనిలోనే ఉంది. జుట్టు తెల్లబడింది. కొడవలికి పొడుగాటి కర్ర కట్టుకుని, బాట మీదికి వంగిన కొమ్మలు కొడుతూ ఉంది. నన్ను ఇంకా చూడలేదు.

కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి ఆమె పక్కన ఆగింది. ఆ అమ్మాయి చీర అంచు ముళ్ళకు పట్టుకుంది.

"ఏం చెట్లవ్వా ఇవి?" అని అబ్బాయి అడిగాడు.

"గులాబీలు."

"గులాబీలా! ఎప్పుడు పూస్తాయి?"

"పూయవు," అంది మేస్త్రమ్మ, అమ్మాయి చీర అంచును ముల్లు నుంచి విడదీస్తూ. చినగకుండా విడదీసి, కొంగు ఆమె చేతిలో పెట్టి, కొడవలి కర్ర మళ్ళీ భుజానికెత్తుకుంది. నాకు మూడేళ్ళు పట్టిన మాట అది. ఆమె తల కూడా ఎత్తకుండా అనేసింది.